అక్క వంతు గింజలు

ఇలా రావే. మెడలో ఆ గుర్తింపు బిళ్ళ తీసి అవతల పెట్టి నా మంచం మీద కూర్చో. కాళ్ళు పైకి పెట్టుకో, ఫర్వాలేదు. పొద్దున్నించి సాయంత్రం దాకా సర్వే ట్రైనింగులో వాళ్ళు చెప్పింది విన్నావు కదా, ఇప్పుడు కాసేపు నేను చెప్పేది విను. వాళ్ళు మధ్యలో టీ, బిస్కెట్లు ఇచ్చి ఉంటారు. నా దగ్గర అవేమీ దొరకవు.

ఇందాక భోజనాల దగ్గర ఏమన్నావు? ఇంట్లో ఒకరి పని గురించి ఇంకొకరిని అడిగితే సరిగ్గా రాదని, ఎవరి పని వాళ్ళనే అడగాలని, ఆడవాళ్ళ పనైతే మరీ తక్కువ పడుతుందని, పెద్ద చదువుల వాళ్ళెవరో వేల ఇళ్ళల్లో అలా ఒకసారి, ఇలా ఒకసారి అడిగి చూసి ఈమధ్యే తేల్చారని కదూ. మీ నాన్న "ఓహో" అన్నాడు. మీ అమ్మ "అది తేల్చడానికి ఇన్నాళ్ళు పట్టిందా" అంది. ఆ సంగతి నాకు నలభై ఏళ్ళకు పైనుంచే తెలుసు. ఒక్క ఎండాకాలంలో, పది మంగళవారాల్లో తెలిసింది. తెలిసిన తీరే మంచిది కాదు.

అప్పటికి నాకు ఇరవై ఆరేళ్ళు. మాది పరుపుల ఇల్లు. వీధి వైపు కొట్టు, దాని వెనక దూది గది, ఆ వెనక వంటిల్లు, పడక గదులు, పక్క నుంచి డాబా మీదికి మెట్లు. మీ తాతయ్యా, ఆయన అన్నగారూ కలిసి పరుపులు కుట్టేవాళ్ళు. దూది ఏకే రోజు ఇంట్లో మనిషికి మనిషి కనబడేవాళ్ళు కాదు. జుట్టులో దూది, రెప్పల మీద దూది, తినే అన్నంలో దూది. కొత్తగా వచ్చినవాళ్ళు నన్ను చూసి ఇంత చిన్న వయసులో తల నెరిసిందేమిటి పాపం అనుకునేవాళ్ళు.

అందుకే మా అత్తగారిది ఒకటే శాసనం. ఇంట్లో నిప్పు ఒక్క చోటే ఉండాలి. ఒక వంటిల్లు, ఒక పొయ్యి. చంటిదానికి పాలు వెచ్చబెట్టాలన్నా అక్కడే. ఆ పొయ్యి మీద తొమ్మిది మందిమి తినేవాళ్ళం. అత్తగారు, బావగారు, అక్క, వాళ్ళ పిల్లలిద్దరు, మీ తాతయ్య, నేను, మా ఇద్దరు. అక్కంటే నా తోడికోడలు, నీకు పెద్దనానమ్మ. నువ్వు పుట్టేనాటికి లేదు.

పొయ్యి ముందు కూర్చునేది అక్క. గరిటె ఆవిడ చేతిలో ఉండేది. నీళ్ళు మోసేది, కడిగేది, తరిగేది, నూరేది, అంట్లు తోమేది నేను. వీధి చివర పంపులో తెల్లారుజామున నాలుగింటికి నీళ్ళొచ్చి ఆరింటికి పోయేవి. రోజూ పదహారు బిందెలు తెచ్చేదాన్ని. తీరా కంచాల ముందు కూర్చున్నాక అందరూ "పెద్దకోడలి వంటకి తిరుగులేదు" అనేవాళ్ళు. నిజమే, తిరుగులేదు. అదే నా బాధ. అక్క ఎనిమిది దాకా చదివింది, నేను రెండుతో ఆపేశాను. అక్క నవ్వితే కొట్లో బేరమాడుతున్నవాళ్ళు కూడా మాట ఆపి ఇటు చూసేవాళ్ళు. నేను నవ్వితే మా అత్తగారు "ఏం విరగ్గొట్టావే?" అనేది.

నాకు ఆవిడంటే ప్రాణం. పురుడొచ్చినప్పుడు నన్ను పసిపిల్లలా చూసుకుంది. ఆవిడంటే ఒళ్ళుమంట కూడా. ఆ రెండూ కలిసి ఒకే కడుపులో ఎలా ఇమిడాయో నన్నడగకు.

ఎండలు ముదిరిన ఒక మంగళవారం ఒక అమ్మాయి గుమ్మంలో నిలబడింది. చేతిలో గొడుగు, భుజాన సంచి, అట్టకి బిగించిన కాగితాలు. కాగితాల నిండా గళ్ళు. మీ తాతయ్య అక్కడికక్కడే పేరు పెట్టేశారు, గళ్ళమ్మాయి అని.

"వీధిలో ఇళ్ళన్నిటికీ చీట్లు వేశామండీ. మీ ఇల్లొచ్చింది. పది వారాలు, మంగళవారం మంగళవారం వస్తాను. ఏం తింటున్నారు, ఎవరు ఏ పని ఎంతసేపు చేస్తున్నారు, అంతే అడుగుతాను. పేర్లు బయటికి రావు," అంది.

"చీటీలో వచ్చిందంటే ఏమైనా ఇస్తారేమో అనుకున్నా," అన్నారు మీ తాతయ్య.

"ఏమీ ఇవ్వమండీ. మీరే ఇవ్వాలి, జవాబులు."

"జవాబులు మేం అరువుకివ్వమమ్మా."

ఆ పిల్ల నవ్వి, "ఇంట్లో వంట ఎవరు చూసుకుంటారండీ?" అని లోపలికి తొంగి చూసింది.

నా ఒళ్ళో చేటెడు ఉల్లిపాయలున్నాయి. నేను నోరు తెరిచేలోగా పొయ్యి దగ్గర్నుంచి, "నేనేనమ్మా, రా, ఇలా వచ్చి కూర్చో," అంది అక్క.

కొట్లోంచి కుర్చీలు తెచ్చారు. బేరానికొచ్చినవాళ్ళకి తప్ప ఇంట్లో ఎవరికీ వెయ్యని కుర్చీలవి. అక్క ఒకదాంట్లో, గళ్ళమ్మాయి ఒకదాంట్లో. నేను తలుపు పక్కన నేల మీద ఉల్లిపాయలతో. వారంలో ఎంత బియ్యం, ఎంత పప్పు, ఎన్ని గుడ్లు అన్నీ అయ్యాక ఆ పిల్ల నేల మీద బొమ్మల అట్టలు పరిచింది. ఒకదాని మీద పొయ్యి, ఒకదాని మీద బిందె, ఒకదాని మీద బట్టలు, ఒకదాని మీద చంటిపిల్ల, ఒకదాని మీద మంచం. చివరి అట్ట మీద గోడకి ఆనుకుని కాళ్ళు చాపుకు కూర్చున్న ఆడమనిషి. తర్వాత సంచిలోంచి చిక్కుడు గింజలు తీసి అక్క చేతిలో పోసింది.

"ఇరవై నాలుగున్నాయి. నిన్నటి రోజంతా ఇదేననుకోండి, గంటకో గింజ. ఏ పని ఎంతసేపు చేశారో ఆ బొమ్మ మీద అన్ని గింజలు పెట్టండి. రాతకోతలేమీ అక్కర్లేదు."

అక్క ముచ్చటగా పెట్టింది. పొయ్యి మీద ఏడు. బిందె మీద మూడు. బిందె మీద మూడేంటే! ఆ పంపు పిడి ఎటు తిప్పితే నీళ్ళొస్తాయో ఆవిడకి తెలియదు.

"ఇంట్లో ఇంకో ఆవిడ ఉన్నారు కదా. ఆవిడ రోజు కూడా మీరే చెప్పండి," అంది ఆ పిల్ల గింజలు మళ్ళీ పోగుచేస్తూ.

"మా చిన్నదా..." అని అక్క ఒక్క క్షణం ఆగింది. నేను అక్కడే, మూడడుగుల దూరంలో ఉన్నాను. నా వైపు చూడలేదు. "పైపైన సాయం చేస్తూంటుంది," అంది. మంచం మీద ఎనిమిది పెట్టింది. చంటిపిల్ల మీద మూడు, బట్టల మీద రెండు, పొయ్యి మీద రెండు, బిందె మీద రెండు. ఇంకా చేతిలో గింజలు మిగిలాయి. ఎక్కడ పెట్టాలా అని చూసి, ఒక్కొక్కటే తీసి కాళ్ళు చాపుకున్న ఆ ఆడమనిషి మీద పెట్టింది. ఏడు.

ఉల్లిపాయల పుణ్యమా అని ఎవరికీ అనుమానం రాకుండా ఏడ్చాను.

ఆ వారమంతా నాకు ఏ పని చేస్తున్నా ఆ ఏడు గింజలే కనబడేవి. బిందె ఎత్తుతుంటే కనబడేవి. అంట్లు తోముతుంటే కనబడేవి. ఎక్కడో ఎవరో పెద్ద ఆఫీసర్లు ఆ కాగితం చదివి, ఈ ఇంట్లో చిన్నకోడలు రోజుకి ఏడు గంటలు గోడకి చేరగిలబడి ఉంటుందని చెప్పుకుంటారు కదా అని ఉడికిపోయాను. పైగా అక్క వీధిలో అందరికీ "మా ఇంటికి సర్వే వస్తుంది, నన్నే అడుగుతారు" అని చెప్పుకుంటోంది. వినలేక చచ్చాను.

తర్వాతి మంగళవారం పంపు దగ్గర కాపు కాసి ఆ పిల్లని పట్టుకున్నాను.

"అమ్మాయీ, నా రోజు నన్నెందుకు అడగవు?"

"ఒక కుటుంబానికి ఒకరేనండీ. వంట చూసుకునే ఆవిడనే అడగాలని మాకు రూలు."

"కుటుంబమంటే?"

"ఒక పొయ్యి మీద వండుకు తినేవాళ్ళంతా ఒక కుటుంబం. ఒకే ఇంట్లో ఉన్నా పొయ్యి వేరైతే రెండు కుటుంబాలు. అప్పుడు రెండు ఫారాలు నింపుతాం."

"ఫారానికో మనిషిని అడుగుతారా?"

"అవునండీ."

"అయితే మాది వేరే పొయ్యి," అన్నాను.

అనాలని అనుకోలేదు. నోట్లోంచి వచ్చేసింది. ఆ పిల్ల గొడుగు పక్కకి వంచి నన్ను చూసింది. "మీ అక్కగారు తొమ్మిదిమంది అని చెప్పారే?"

"ఆవిడకి అందర్నీ తన లెక్కలో వేసుకోవడం అలవాటు. మేం నలుగురం డాబా మీద వండుకుంటాం."

"అయ్యో, చూసుకోలేదండీ. వచ్చేవారం పైకొచ్చి చూసి, మీకు వేరే ఫారం తెరుస్తాను," అంది. పొరపాటు తనదే అన్నట్టు నొచ్చుకుంది కూడా.

వారం తిరిగేసరికి డాబా మీదికి కిరోసిన్ స్టవ్వు చేర్చాను. రెండు గిన్నెలు, ఒక గరిటె. గరిటె మాత్రం కొత్తది కొన్నాను. మీ తాతయ్య తడి దూది ఆరబెట్టడానికి పైకొచ్చి అక్కడే నిలబడిపోయారు.

"ఏమిటోయ్ ఇది?"

"స్టవ్వు."

"స్టవ్వని నాకూ తెలుస్తోంది. ఇక్కడికెందుకొచ్చిందీ అని."

"కింద ఉక్కగా ఉంది. మనకీ పిల్లలకీ ఇక్కడ వండుతాను."

"డాబా మీద చల్లగా ఉందా? నా అరికాళ్ళు కాలి చస్తున్నాయి! మరి దూది ఎక్కడ ఆరబెట్టను, నీ నెత్తి మీదా?"

"పెరట్లో ఆరబెట్టుకోండి."

"అమ్మకి చెప్పావా?"

"మీరు చెప్పండి."

"నేనా? నాకింకా నాలుగు రోజులు బతకాలనుంది."

చెప్పాల్సిన పని లేకపోయింది. కిరోసిన్ వాసన చెప్పింది. అత్తగారు మెట్ల కింద నిలబడి వీధంతా వినబడేలా అరిచింది. "నా కొంపలో రెండు నిప్పులా! ఏమే చిన్నదీ, ఇల్లు తగలెడతావా, మమ్మల్ని తగలెడతావా?"

అక్క చేతులు తుడుచుకుంటూ వచ్చింది. నా వైపు ఒకసారి చూసింది. స్టవ్వుని చూసింది, కొత్త గరిటెని చూసింది. "ఎండాకాలం కదా అత్తయ్యా, పైన గాలాడుతుంది. పిల్లలకేదో సరదాగా వండుతోంది. దూది పెరట్లోకి నేను మారుస్తాలే," అంది. అత్తగారు గొణుక్కుంటూ వెళ్ళిపోయింది. నన్ను కాపాడింది కదా అని నేను సంతోషించాలి. నాకు ఇంకా మండింది. ఆ మంచితనం కూడా ఆవిడ ఖాతాలోకే పోయిందే అని.

మంగళవారం గళ్ళమ్మాయి పైకి వచ్చింది. స్టవ్వు చూసింది, నలుగురి కంచాలు చూసింది, కొత్త కాగితం మీద నా వేలిముద్ర వేయించుకుంది. కుర్చీ లేదు, పిట్టగోడ మీద కూర్చున్నాం. నా చేతిలో ఇరవై నాలుగు గింజలు పోసింది.

నీకెలా చెప్పను! అంతవరకూ నా రోజు ఎవరూ అడగలేదు. "తిన్నావా" అని అడిగారు, "అయిందా" అని అడిగారు, "ఇంకా కాలేదా" అని అడిగారు. నువ్వు నిన్న ఏం చేశావు, మొదట్నుంచీ చెప్పు అని అడిగిన మనిషి లేదు. నేను నాలుగింటి నుంచి మొదలుపెట్టాను. ఏ బిందె చిల్లు పడిందో చెప్పాను. పరుపుల గలేబులకి దబ్బనంతో అంచులు కుట్టేది నేనని చెప్పాను. ఆ పనికి బొమ్మ లేదు, ఆ పిల్ల అప్పటికప్పుడు ఒక అట్ట వెనక పెన్నుతో పరుపు బొమ్మ గీసింది. నా లెక్క మధ్యాహ్నం మూడు దాటేసరికే చేతిలో గింజలు అయిపోయాయి.

"ఇంకో పది ఇవ్వు," అన్నాను.

"రోజుకి ఇరవై నాలుగేనండీ," అంది నవ్వుతూ.

"నా రోజుకి చాలవు."

"మీరు పిల్లాణ్ణి ఎత్తుకునే గలేబు కుట్టారు కదా, రెండిటికీ కలిపి ఒకటే గింజ." మళ్ళీ తీసి, పేర్చి, సర్దింది. కాళ్ళు చాపుకున్న ఆడమనిషి అట్ట మీద చివరికి ఒక్క గింజ కూడా లేదు. ఆ ఖాళీ అట్టని చూసి నా కాళ్ళు నేల మీద ఆనలేదు.

ఆ తర్వాత ఆ పిల్ల కిందికి వెళ్ళింది. నేను మెట్ల మీద కూర్చుని చెవులు రిక్కించాను.

"అక్కగారూ, మొదట్లో తొమ్మిదిమంది అని రాశానండీ. పైన నలుగురిదీ వేరే పొయ్యి అట కదా. ఈ పొయ్యి మీద అయిదుగురేనా?"

గిన్నెలో గరిటె తిరుగుతున్న చప్పుడు ఆగింది. ఇప్పుడు బయటపడుతుంది, ఇప్పుడు కేకలేస్తుంది అనుకున్నాను. ఏం జవాబివ్వాలో కూడా సిద్ధం చేసుకున్నాను.

"అయిదే," అంది అక్క. "నేనే పొరపాటు చెప్పాను. తొమ్మిది కొట్టేసి అయిదు వెయ్యమ్మా."

మళ్ళీ గరిటె చప్పుడు మొదలైంది.

నిజం చెబుతున్నాను, మంగళవారం ఆ పిల్ల వచ్చే పూట మాత్రమే పైన వండుదామని, మిగతా పూటలు ఎప్పట్లా కింద తిందామని నా ఉద్దేశం. పొద్దుగూకాక పిల్లల్ని అన్నానికి కిందికి పంపాను. వెళ్ళినంత వేగంగా తిరిగొచ్చారు. "పెద్దమ్మ అయిదు కంచాలే పెట్టిందమ్మా," అంది పెద్దది.

అలా వేరు పడ్డాం. తగువు లేదు, పంచాయితీ లేదు. ఒక కాగితం మీద నేను నలుగురన్నాను, ఆవిడ అయిదుగురంది, అంతే. "వెళ్ళి తప్పయిందని చెప్పరాదా?" అన్నారు మీ తాతయ్య, మాడిన కూరతో అన్నం కలుపుకుంటూ. "ఆవిడే పిలవచ్చుగా," అన్నాను. "పిలిచేదాకా నేనీ బొగ్గు తినాలా?" అన్నారు. తిన్నారు పాపం, ఏడు వారాలు.

పని వేరైంది కాబట్టి నీళ్ళూ వేరయ్యాయి. తెల్లారుజామున పంపు దగ్గర వరసలో అక్క నిలబడింది. మొదటిరోజు ఆవిడకి బిందె చంకలో ఇరికించుకోవడమే రాలేదు. బట్టలన్నీ తడిసి, మోచెయ్యి దోక్కుపోయి, నాలుగో బిందెకే ఆయాసపడుతూ నిలబడింది. నేను చూస్తూ నా బిందె నింపుకున్నాను. అలా చూస్తూ నిలబడటంలో ఒక సుఖం ఉందే, చెప్పుకోకూడదు గానీ ఉంది. రెండు వారాలకల్లా ఆవిడ నాకంటే వేగంగా మోయడం నేర్చుకుంది. ఆ సుఖం కూడా నాకు మిగల్లేదు.

పైన నా రాజ్యం నాకున్నా నా కళ్ళు కిందే ఉండేవి. గళ్ళమ్మాయి నా దగ్గర ఎంతసేపు కూర్చుంది, అక్క దగ్గర ఎంతసేపు కూర్చుంది అని చూసేదాన్ని. కింద నవ్వులు వినబడితే, నా దగ్గర అంతలా నవ్వలేదే అనుకునేదాన్ని. మా చిన్నాడు గిన్నె పట్టుకుని వాసన వచ్చిన వైపు మెట్లు దిగబోతే రెక్క పట్టుకుని లాగేదాన్ని. నాకు నా ఫారం వచ్చింది, నా గింజలు నాకొచ్చాయి. అయినా మంట చల్లారలేదు.

పదో వారం వచ్చింది. మా అత్తగారికి కంట్లో పొర కోయించడానికి అక్క ఆవిణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్ళి అక్కడే ఉండిపోయింది. గళ్ళమ్మాయి వచ్చి కింద వంటింటికి తాళం చూసి పైకి వచ్చింది. ముఖం వాడిపోయి ఉంది.

"ఇది ఆఖరి వారమండీ. అక్కగారి ఫారం ఖాళీగా పోతే మిగతా తొమ్మిది వారాలూ పనికిరావంటారు. ఆసుపత్రికి వెళ్ళకముందు రోజు ఆవిడేం చేశారో మీకు తెలుసా? బాగా తెలిసినవాళ్ళు చెబితే రాసుకోవచ్చు."

"నాకు తెలియకపోవడమేమిటి," అన్నాను.

ఇరవై నాలుగు గింజలు నా అరచేతిలో పోసింది. బొమ్మలు పరిచింది.

నాకు అన్నీ తెలుసు. ఆవిడ రోజులో ప్రతి గంటా తెలుసు. చెయ్యి చాపి మంచం బొమ్మ మీద తొమ్మిది పెట్టాను. పొయ్యి మీద నాలుగు. చంటిపిల్ల మీద రెండు. మిగతావి గుప్పిట్లో ఉన్నాయి. గుప్పిట విప్పి, ఒక్కొక్కటే పెట్టే ఓపిక కూడా లేక, తొమ్మిదీ ఒక్కసారే ఆ కాళ్ళు చాపుకున్న ఆడమనిషి మీద కుమ్మరించాను.

ఆ పిల్ల బిందె బొమ్మ వైపు చూసింది. "నీళ్ళ మీద ఏమీ పెట్టలేదండీ. పోయినవారం ఆవిడ మూడు పెట్టారు."

"వాళ్ళ నీళ్ళు కూడా నేనే మోస్తాను," అన్నాను, కళ్ళలోకి చూసి.

రాసుకుంది. పెన్నుతో రాసుకుంది. అట్టలు సర్దుకుని, "మీ ఇంట్లో అందరూ బాగా సాయం చేశారండీ," అని నా చెయ్యి పట్టుకుని చెప్పి వెళ్ళిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం అక్క వచ్చింది. అత్తగార్ని పడుకోబెట్టి, చెప్పులు కూడా విప్పకుండా మెట్లెక్కింది. ఏడు వారాల్లో ఆవిడ డాబా ఎక్కడం అదే మొదలు. నా స్టవ్వు పక్కన చతికిలబడి, "అబ్బ, ఈ వేడిలో ఎలా వండుతున్నావే?" అంది.

నేను స్టవ్వు మంట తగ్గించాను.

"నిన్న ఆ అమ్మాయి వచ్చి వెళ్ళిందా? అయ్యో, ఆఖరి వారం తప్పిపోయానే అని ఆసుపత్రిలో ఒకటే అనుకున్నాను."

"నన్ను అడిగింది. చెప్పాను."

"నా రోజు నువ్వు చెప్పావా?" అక్క ముఖం విప్పారింది. "నువ్వు చెబితే సరిగ్గానే చెప్పి ఉంటావు. నాకే చేత కాలేదు చెల్లీ. మొదటిరోజు ఆ పిల్ల గింజలు చేతిలో పోసి నీ రోజు చెప్పమందా, చూద్దును కదా, ఉన్న పనంతా నీదే. ఉన్నదున్నట్టు పెడితే ఇంక నేను ఈ ఇంట్లో ఎందుకున్నట్టు, గరిటె తిప్పడానికా అనిపించింది. నువ్వు పక్కనే ఉన్నావు, నీ వైపు చూడలేకపోయాను. తర్వాత నువ్వు స్టవ్వు పెడితే నిన్నేమనను? ఏ మొహం పెట్టుకుని అనను?"

అక్క కొంగుతో ముఖం తుడుచుకుంది.

"అత్తయ్యకి గంటకోసారి కంట్లో చుక్కలు వెయ్యాలట. నా ఒక్కదాని వల్ల కాదు. అది ఆర్పేసి కిందికి రా," అంది. నేను లేచేలోగా గరిటె తీసుకుంది, గిన్నెలు చంకలో ఇరికించుకుంది. "ఈ గరిటె బాగుందే, ఎక్కడ కొన్నావు?" అంది మెట్లు దిగుతూ.

ఆ పూట తొమ్మిది కంచాలు పెట్టింది. మీ తాతయ్య మూడుసార్లు వడ్డించుకున్నారు.

తెల్లారాక నేను నీళ్ళు పట్టి, పంపు దగ్గర వాళ్ళనీ వీళ్ళనీ అడిగి, ఆ సర్వే ఆఫీసు ఎక్కడుందో కనుక్కుని నడిచి వెళ్ళాను. గది నిండా ఖాళీ బల్లలు. ఒక గుమాస్తా పురికొస ఉండలు చుడుతున్నాడు. ఆ పిల్ల ఇంకో ఊరికి వెళ్ళిపోయిందన్నాడు. కట్టలన్నీ నిన్న సాయంత్రమే లారీకి ఎక్కించేశారట.

"మా అక్క కాగితంలో తప్పుంది. నేనే తప్పు చెప్పాను. దిద్దాలి," అన్నాను.

"ఎంత తప్పు?"

"తొమ్మిది గింజలు."

అతను నవ్వాడు. మంచివాడే, వెక్కిరించడానికి కాదు. "తొమ్మిది గింజలకి ఇంత ఎండలో నడిచొచ్చారా అమ్మా? వేల ఇళ్ళున్నాయి. సగటులో కలిసిపోతుంది లెండి. ఎవరికీ తెలియదు."

సగటంటే ఏమిటని అడిగాను. అందరి పనీ ఒక్కచోట పోసి, తలా ఇంతని సమానంగా పంచడం అన్నాడు. అంటే మా అక్క పని ఎవరెవరికో పోతుందన్నమాట అనుకుంటూ తిరిగొచ్చాను.

అక్కకి చెప్పలేదు. తర్వాత ఇరవై రెండేళ్ళు ఒకే పొయ్యి ముందు పక్కపక్కన కూర్చున్నాం, చెప్పలేకపోయాను. "నా రోజు మా చెల్లెలు చెప్పింది, నేను చెప్పినా అంత బాగా చెప్పేదాన్ని కాదు" అని ఆవిడ పది మందికి చెప్పుకునేది. ప్రతిసారీ నేను ఏదో పనున్నట్టు లేచి వెళ్ళిపోయేదాన్ని. ఆఖరి రోజుల్లో మంచం పక్కన కూర్చుని చెబుదామనే మొదలుపెట్టాను. "నీళ్ళు కావాలా?" అని అడిగి ఊరుకున్నాను.

రేపట్నుంచి నువ్వు ఇంటింటికీ తిరుగుతావు. నీ చేతిలోని ఆ మిషన్‌లో నాలుగు దశాబ్దాల కిందటి రోజుకి చోటుండదు, నాకు తెలుసు. నోటితో చెప్పు. నీతో తిరిగే పిల్లలకి చెప్పు, రేపు నీకు పుట్టబోయేవాళ్ళకి చెప్పు. ఆ ఎండాకాలంలో మా అక్క మూడున్నరకే లేచింది. చప్పుడైతే అత్తగారు లేస్తుందని చెప్పులు చేతిలో పట్టుకుని వెళ్ళింది. తొమ్మిది బిందెలు మోసింది. పొయ్యి వెలిగించింది. అయిదుగురికి వండింది, రోజూ ఇంకో నలుగురికి సరిపడా కూరలు తరిగి, తడిగుడ్డ కప్పి ఉంచి, ఎవరూ దిగిరాకపోతే సాయంత్రం అవే తను వండుకు తింది. పెరట్లో తడి దూది గంటకోసారి తిరగేసింది. అత్తగార్ని చెయ్యి పట్టుకుని నడిపించింది. మధ్యాహ్నం దబ్బనం తీసుకుని, నేను మానేసిన గలేబుల అంచులు కుట్టింది. వేళ్ళకి గుడ్డ చుట్టుకుని కుట్టింది. అందరూ పడుకున్నాక అంట్లు తోమింది. గోడకి ఆనుకుని కూర్చోవడం నేను ఒక్కరోజు కూడా చూడలేదు.

ఇదంతా చెప్పింది ఆవిణ్ణి చూసి ఓర్వలేని తోడికోడలని కూడా చెప్పు. లేకపోతే, డాబా మీద ఉన్న మనిషికి ఇంత వివరంగా ఎలా తెలుసని అడుగుతారు.